పెరటాసి శనివారం విందు

దుబాయిలో అమెరికా వాళ్ళ పద్ధతిలో మాంసం కాల్చి పెట్టే హోటల్లో నేనొకసారి కూర్చున్నాను. తిన్నానని అనడం లేదు, కూర్చున్నాను. ఆ సాయంత్రం మా బావ నన్నొక మాట అడగాలని అక్కడికి పిలిచాడు. అడక్కుండానే వెళ్ళిపోయాడు. ఆ మాటేమిటో నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

రేణిగుంటలో నేను పనిచేసే ఫ్యాక్టరీకి కొత్త మిషన్లు వస్తుంటే, వాటి పని నేర్చుకు రమ్మని నన్ను దుబాయి పంపారు. బావ అక్కడే వ్యాను నడుపుతాడు. మా అక్క మొగుడు. అక్క విషజ్వరంతో వడమాలపేటలో, వాళ్ళింట్లోనే పోయింది. బావ అప్పుడు దుబాయిలోనే ఉన్నాడు, ఆఖరి చూపుకు అందలేదు. మరుసటిరోజు అతను వచ్చి గడపలో కూలబడితే, మా నాయన పదిమంది ముందర, "దుడ్లు పంపిస్తే సాలనుకుంటివి" అన్నాడు. ఈ ఇంట్లో ఇంక మెతుకు ముట్టనని నాయన లేచి వచ్చేశాడు. నాయన ముట్టనిది మేమెలా ముడతాం?

రాయలసీమలో పగలంటే బాంబులూ కత్తులూ అనుకుంటారు బయటివాళ్ళు. మా ఇళ్ళల్లో పగ ఇంతే, ఒకరింట్లో ఒకరు తినకపోవడం. పెళ్ళికి పిలిస్తే వస్తారు, అక్షింతలు వేస్తారు, ఫొటో కూడా దిగుతారు. విస్తరి ముందు కూర్చోమంటే మాత్రం కడుపులో బాగాలేదంటారు. ఆ మాటకు అర్థం మా పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నాయన పోయాక ఆ పంతం కూడా ఆయనతోనే పోయిందనుకున్నాను. నాకెప్పుడూ బావ మీద కోపం లేదు. ఆ సంగతి బావకు ఎవరు చెప్పాలి? నేనైతే ఏనాడూ చెప్పలేదు.

దుబాయిలో దిగి బావకు ఫోన్ చేశాను. శనివారం సాయంత్రానికి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనుండే గది దగ్గరికి వచ్చాడు. ఆ హోటలుకు అతను కట్టెలు తెచ్చి వేస్తాడట. ఎప్పుడూ వెనక తలుపు దగ్గర కట్టెల పెట్టెలు దించి పోవడమే కానీ, ముందు తలుపులోంచి రావడం అదే మొదలని నవ్వాడు. లోపల పొడుగాటి చెక్కబల్లలు, గోడలకు గుర్రాల బొమ్మలు, ప్రతి బల్ల మీదా చేతులు తుడుచుకోవడానికి ఒక పెద్ద కాగితపు చుట్ట. ఆ చుట్టను చూసి, ఇక్కడ నీళ్ళతో చెయ్యి కడిగే పని లేదేమో అనుకున్నాను.

పొగ వాసన మాత్రం మన ఊరిదే. చిన్నప్పుడు మా ఇంట్లో వేట కోస్తే తలకాయ, కాళ్ళు కాల్చడానికి బావనే పిలిచేవాళ్ళు. పెరట్లో కట్టెలు పేర్చి, ఒక్క వెంట్రుక మిగలకుండా కాల్చేవాడు. నిప్పుల మీద ఒక పక్కటెముక విడిగా పెట్టి, కాస్త ఉప్పు చల్లి, అందరి కళ్ళూ కప్పి నా చేతిలో పెట్టేవాడు. అది గుర్తు పెట్టుకునే నన్ను అక్కడికి తీసుకొచ్చాడు. పెద్ద కూర మాత్రం తేవద్దని, మేకదే కావాలని వడ్డించే కుర్రవాడికి హిందీలో రెండుసార్లు చెప్పాడు.

పళ్ళెం వచ్చింది. పళ్ళెమంటే ఇనుపరేకు, దానిమీద గోధుమరంగు కాగితం, కాగితం మీద నల్లగా నిగనిగలాడే పక్కటెముకలు. పక్కన తెల్ల రొట్టెముక్కలు, దోసకాయ ఊరగాయ, మొక్కజొన్న. రాత్రంతా సన్నటి సెగ మీద పొగ పట్టిస్తారని బావ చెప్పాడు. వేలితో తాకితే ఎముక నుంచి కండ విడిపోయింది.

"నీకు కాల్సిన కూరంటే పానం గదబ్బా. అందుకే ఈడికి పిల్సుకొచ్చినా. తిను," అన్నాడు.

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్కటే. ఆ రోజు పెరటాసి శనివారం.

మా పక్క, అరవవాళ్ళ లెక్కన వచ్చే పెరటాసి నెలంతా మాంసం అంగళ్ళు ఈగలు తోలుకుంటాయి. అది వేంకటేశ్వరస్వామి నెల. శనివారమైతే తాగుబోతులు కూడా నామం పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటారు. మా అక్క పట్టింపు ఇంకా ఎక్కువ. నెల మొదలయ్యే ముందురోజు మాంసం వండే చట్టిని తోమి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసేది. బావ ఎంత బతిమాలినా నెల దాటేదాకా దించేది కాదు. అలాంటి మనిషి మొగుడితో, "బావా, ఈ పొద్దు పెరటాసి శనివారం" అని ఎలా అనను? అంటే, నా అక్క పాటించిందంతా నువ్వు మరిచిపోయావని మొహం మీద అన్నట్టు కాదా? చావింట్లో నాయన అన్న మాటకు ఇది తోడవుతుందని భయపడ్డాను. తిందామంటే చెయ్యి రాలేదు. ఒక రొట్టెముక్క తుంచి పట్టుకుని కూర్చున్నాను. అదీ నోట్లో పెట్టలేదు, దానికీ ఆ మాంసపు రసం అంటుకుని ఉంది.

"ఏమబ్బా, చెయ్యే పెట్టలేదే?"

"కడుపులో బాగాలేదు బావా," అన్నాను.

ఇంతమంది నోట ఇన్ని పెళ్ళిళ్ళలో విన్న మాటను నేనే ఎలా అన్నానో ఇప్పటికీ అర్థం కాదు. నోటికి అదే వచ్చింది. బావ చేతిలో ఉన్న ఎముకను తిరిగి కాగితం మీద పెట్టి, "సరేలే" అన్నాడు. కాగితపు చుట్టలోంచి ఒక ముక్క చింపుకుని ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. ఆ తర్వాత వానల గురించి, మామిడితోటల గురించి మాట్లాడుకున్నాం. పళ్ళెం అలాగే వెనక్కి పోయింది. నన్ను గది దగ్గర దించేటప్పుడు మాత్రం ఏదో అనబోయి, జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను బావ పరువు కాపాడానన్న తృప్తితో హాయిగా పడుకున్నాను.

నేను ఊరికి తిరిగొచ్చాక, అక్క కూతురు, నా మేనకోడలి పెళ్ళి పత్రిక ఫోన్లో ఫొటోగా వచ్చింది. ఊళ్ళో అందరికీ పంపినట్టే నాకూ పంపారు. మేనమామను ఇంటికొచ్చి, తాంబూలం ఇచ్చి పిలవాలి. అతను పెట్టిన చీర కట్టుకుని, అతని చెయ్యి పట్టుకుని పిల్ల మండపంలోకి రావాలి. నాకు ఒళ్ళు మండింది. వడమాలపేటలో బావ వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఇదేం పద్ధతని అడిగాను.

"నిన్ను అడగాలనే గదబ్బా ఆ పొద్దు హోటలుకు పిలిసింది," అందామె. "నువ్వు మెతుకు ముట్టలేదంట. ఇంకేం నోరు పెట్టుకోని అడుగుతాడు?"

అప్పటికే మా పెదనాయన కొడుక్కి తాంబూలం ఇచ్చేశారు. ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకోరు. బావకు ఫోన్ చేద్దామని ఎన్నిసార్లో నంబరు దాకా వచ్చి ఆగిపోయాను. ఆ శనివారం సంగతి ఇప్పుడు చెబితే, మేనమామ మర్యాద దక్కలేదని సాకులు చెబుతున్నట్టుంటుంది. ఆ హోటల్లో పరువుకు పోయాను, ఇక్కడా పరువుకే పోయాను.

పుత్తూరులో కల్యాణమండపం. అచ్చం అక్క పోలికలతో ఆ పిల్ల, మా పెదనాయన కొడుకు చెయ్యి పట్టుకుని మండపంలోకి వచ్చింది. నేను మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాను. ఏడుపొచ్చింది. అందరూ సంతోషం అనుకున్నారు.

తాళి కట్టాక మొదటి పంక్తిలోనే కూర్చున్నాను. వడ్డించింది వడ్డించినట్టు తిన్నాను. బావ చూడాలని తిన్నాను. అతను రసం బకెట్టు పట్టుకుని వరసగా వస్తూ నా విస్తరి ముందు ఆగాడు.

"ఇప్పుడు కడుపు బాగుండాదా?" అన్నాడు మెల్లగా. గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు.

"ఆ పొద్దు పెరటాసి శనివారం బావా," అన్నాను.

గరిటె బకెట్లోనే ఉండిపోయింది. బావ మండపం వైపు చూశాడు. అక్కడ మా పెదనాయన కొడుకు, మేనమామ చీరలో ఉన్న పిల్ల పక్కన నిలబడి ఫొటో దిగుతున్నాడు.

"మీయక్క ఉండింటే," అన్నాడు బావ, "ఆ పొద్దు నన్ను ఆడికి పోనిచ్చునా?"

నా అన్నం మీద రసం పోసి, పక్క విస్తరి దగ్గరికి నడిచాడు.