ఊపిరాడని ట్యాంకు

పోయిన వారం మా ఆస్పత్రికి కొత్త వైద్య బస్సు వచ్చింది. లోపల ఒక పడక, చేతులు కడుక్కునే సింకు, నేల కింద నీళ్ల ట్యాంకు, ఆ నీటిని తోడే చిన్న బ్యాటరీ పంపు. కుళాయి తిప్పాను. అది రెండుసార్లు దగ్గి, గాలి కక్కి, రబ్బరు వాసనతో సన్నటి ధార వదిలింది. నా వెనకున్న నర్సు వెంటనే, "పంపే చెడిపోయిండాది సిస్టర్, పాతది బిగించి పంపినారు" అంది. "ట్యాంకులో నీళ్లెంత ఉండాయో చూస్తివా?" అన్నాను. కొత్త పైపుల్లో మిగిలిన గాలి పోయాక ధార దానంతట అదే కుదురుకుంది. కానీ నేనడిగిన ఆ మాట నాది కాదు. ఇరవై ఏళ్ల కిందట దేవదానప్ప నాకు నేర్పిన మాట అది.

దేవదానప్ప, అసలు పేరు దేవదానం, మా పాత వైద్య బస్సు డ్రైవరు. బళ్ళారి పాత మిషను చర్చి సంఘంలో పుట్టి పెరిగినవాడు. ఏళ్ల తరబడి లారీ నడిపి, నడివయసులో ఆస్పత్రికి వచ్చాడు. బస్సు ఇంజనే కాదు, అందులోని పైపులూ వైర్లూ కూడా ఆయన చేతిలోనే ఉండేవి. బక్క మనిషి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. ఏది చెడినా ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కాసేపు ఊరికే చూసేవాడు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నర్సింగులో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నోటి దురుసు కూడా తక్కువేమీ కాదు.

ఒకరోజు కంప్లిలో కుళాయి నీళ్లు బాగా సన్నగిల్లాయి. "ఈ పంపు పని అయిపోయిండాది దేవదానప్పా, కొత్తది తెప్పించల్ల" అన్నాను. ఆయన నవ్వాడు. "దాన్నెందుకు తిట్టల్ల సిస్టరమ్మా? స్వల్ప ఆగు. ఫస్టు దగ్గరిది చూస్తాం, ఆమీన దూరం పోతాం." కుళాయి మూతిని చేతిరుమాలుతో పట్టి తిప్పి ఊడదీశాడు. లోపలి చిన్న జల్లెడ నిండా బోరునీళ్ల సున్నం తెల్లగా గడ్డకట్టి ఉంది. దాన్ని నిమ్మరసంలో నానేసి, పాత బ్రష్షుతో రుద్ది బిగించాడు. ధార చేతిని కొట్టింది. "చూస్తివా? పాపం, పంపు దాని పని అది చేస్తానే ఉండాది" అన్నాడు. నేను తలాడించాను గానీ ఆ మాట నా తలకెక్కలేదు.

ఎక్కింది తారానగర్‌లో. ఆ దారి పొడుగునా గనుల ఎర్రదుమ్ము. వేడి గంజి కాళ్లమీద పడి చర్మం ఊడిన ఒక ఇల్లాలిని ఆ రోజు పడకమీద పడుకోబెట్టి గాయం కడుగుతున్నాను. ధార దారమంతయి, చుక్కలై, ఆగిపోయింది. ఆమె నొప్పికి మూలుగుతోంది. బస్సు తుడిచి, గిన్నెలు కడిగే హనుమక్క మెట్టు దగ్గర నిలబడి ఉంది. బయట వరసలో ముప్పై మంది దాకా ఉన్నారు.

"ట్యాంకంతా నువ్వే ఖాళీ చేసినావు గదా!" అని అరిచాను.

"లేదమ్మా, రెండు చెంబులే వాడినా."

"అబద్ధాలు ఆడొద్దు. పొద్దున్నుంచీ పారబోస్తానే ఉండావు."

హనుమక్క చేతిలోని గుడ్డను మెట్టుమీద పెట్టి దిగిపోయింది. నేను తాగేనీళ్ల క్యానుతో కట్టు ముగించి, హనుమక్కను ఇక బస్సులో పంపవద్దని డాక్టరుగారికి ఒక చీటీ రాసి పెట్టాను.

పంచాయతీ ఆఫీసుకు వెళ్లిన దేవదానప్ప తిరిగొచ్చాడు. బస్సు కింద వంగి ట్యాంకును వేలిగణుపులతో పైనుంచి కిందికి తట్టాడు. "ముక్కాలు భాగం నిండి ఉండాది" అన్నాడు. ట్యాంకు మూత తెరవగానే అది సుయ్యిమని గాలి పీల్చుకుంది. లోపల కుళాయి భళ్లున పారింది. మూత పక్కన గాలికోసం పెట్టిన సన్నటి గొట్టం ఎర్రమట్టితో పూడిపోయి ఉంది. తీగతో ఆ మట్టి తీస్తూ, "నీళ్లు బయటికి రావల్లంటే గాలి లోపలికి పోవల్ల సిస్టరమ్మా. దీనికి ఊపిరాడలేదు, అంతే" అన్నాడు. మూత బిగిస్తూ అడిగాడు: "హనుమక్కను తిడితివంట గదా?"

"ఆమెను పంపొద్దని డాక్టరుకు రాసిన చీటీ చించేస్తాలే అప్పా."

"చీటీ చించితే చీటీ పోతాది. ఆ ముప్పైమంది చెవుల్లో ఉండేది ఎట్ల చించుతావు?"

మర్నాటి నుంచి హనుమక్క పనికి రాలేదు. ఆదివారం ఆరాధన ముగియగానే దేవదానప్ప నన్ను బస్సులో కంప్లికి తీసుకుపోయాడు. ఆమె అక్కడ తన అక్క వాళ్ల మడిలో నాట్లు వేస్తోంది. గట్టుమీద నిలబడి తప్పయిందన్నాను. ఆమె నడుం ఎత్తకుండానే, "నువ్వు సదివినదానివి. నువ్వన్నదే నిజమంటారు. మళ్లా ఆ ఊరికి యా మొగం పెట్టుకొని రావల్ల?" అంది. దేవదానప్ప నా వైపు చూడనుకూడా లేదు. "ఆ ఊర్లోనే చెప్తా. వచ్చి విను హనుమక్కా" అన్నాను.

మళ్లీ తారానగర్ వెళ్లిన రోజు ఆమె వచ్చింది. నేను బస్సు మెట్టుమీద నిలబడ్డాను. "పోయినసారి హనుమక్కను అబద్ధాలాడొద్దని తిడితిని. తప్పు నాది. ట్యాంకులో నీళ్లుండాయి. చూడకుండా నోరు పారేసుకుంటిని" అన్నాను. కాళ్లకు కట్టుతో వరసలో కూర్చున్న ఆ ఇల్లాలు, "సరి, ఇప్పుడన్నా చెప్తివి" అంది. దేవదానప్ప స్టీరింగు ముందు కూర్చుని, ఏమీ విననట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు. హనుమక్క లోపలికెక్కి కుళాయి తిప్పింది. "రామ్మా, చేతులు కడుక్కో. జనం కాసుకొని ఉండారు."

దేవదానప్ప రిటైరైన చాలా ఏళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట పోయాయి. చూడటానికి వెళితే ఇంటినిండా బంధువులు. కోడలు సుజాత అలసిపోయి ఉంది. "ఏం పెట్టినా ఉమ్ముతాడక్కా. ఇంత మొండితనం నేను యాడా చూడలే" అంది. అందరూ తలలూపారు. "తినప్పా, ఎందుకింత పట్టుదల" అనబోయి ఆగాను. టార్చి తెప్పించుకుని ఆయన నోరు తెరిచి చూశాను. ముఖం ఒక పక్కకు జారిపోవడంతో కట్టుడుపళ్లు ఒరుసుకుంటున్నాయి. వాటిని తీస్తే, కింద చిగురుమీద రూపాయి బిళ్లంత పుండు. సుజాత చూసి అక్కడే కూలబడింది. "నిన్న చెంచాతో కుక్కినా గదా మామా" అని అందరిముందూ ఏడ్చింది. ఆయన ఎడమచెయ్యి మెల్లగా లేచి ఆమె తలమీద ఆగింది. ఆ పూట పళ్లు లేకుండానే గిన్నెడు గంజి తాగాడు. తర్వాత నాలుగు నెలలు బతికాడు.

మా వార్డుల్లో కేసు షీటుమీద రాసే మాట ఒకటుంది: 'రోగి సహకరించడం లేదు.' నా కింద పనిచేసే పిల్లలు ఆ మాట రాయబోతే పెన్ను తీసుకుంటాను. వాళ్లను వెంటబెట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి ముందు నోరు, తర్వాత పక్క దుప్పట్లు, ఆ తర్వాత పాదాలు చూపిస్తాను. చాలాసార్లు ఏదో ఒకటి కనబడుతుంది. ఏమీ కనబడని రోజు కూడా ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.