జిరాక్స్ ఇచ్చినవా, అసల్ది ఇచ్చినవా

శంషాబాద్ బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో, యంత్రంలోంచి అప్పుడే వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగులుతుంది. మొన్న మా పాప బడికి కావలసిన కాపీలు తీయించడానికి వెళ్ళి, ఆ వేడి కాగితం వాసన తగలగానే నాకు ఒళ్ళు మండింది. పాపం, షాపతను ఏమీ ఎరగడు. నాకు గుర్తొచ్చింది పద్మక్కా, ఆమెను ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపిన మా మేనేజరూ.

పద్మక్కది కొత్వాల్‌గూడ. విమానాశ్రయం దగ్గర సరుకుల గోదాములకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఒక చిన్న కంపెనీలో మా టీముకు పెద్ద. నేను మైలార్‌దేవ్‌పల్లిలో స్థిరపడ్డ గుంటూరు వాళ్ళ అమ్మాయిని. కాలేజీలో సి భాష నేర్చి ఫస్టు క్లాసు తెచ్చుకున్నానన్న పొగరు నెత్తిన పెట్టుకుని చేరాను. మొదటి వారమే ఆమె నా కుర్చీ వెనక నిలబడి, "ఫంక్షన్‌కు ఈ లిస్టు ఇచ్చినవ్ గద, జిరాక్స్ ఇచ్చినవా, అసల్ది ఇచ్చినవా?" అని అడిగింది. ఫంక్షన్ అంటే ప్రోగ్రాములో ఒక్కో పని చేసిపెట్టే ముక్క అని తెలుసు, ఈ జిరాక్సేమిటో తెలియలేదు.

"మీ సి భాషల స్ట్రక్చర్, అంటే వివరాల మూట, ఇస్తే ఫంక్షన్‌కు జిరాక్స్ పోతది. వాడు దాన్ని చింపినా నీ కాగితం నీ తాన్నే ఉంటది. ఈ పైథాన్ భాషల లిస్టు ఇస్తే అసల్దే పోతది. ఆడ ఒక పేరు కొట్టేస్తే ఈడ గూడ పోయినట్టే. ఒక్కో భాషది ఒక్కో రివాజు. జర అడిగి తెలుసుకోవాలె."

"తెలుసండీ మేడమ్," అన్నాను. తెలిసింది గాడిదగుడ్డు.

కొన్నాళ్ళకు ఒక పాత సి ప్రోగ్రామును పైథాన్‌లోకి మార్చే పని నా మీద పడింది. చల్లగదిలో పెట్టాల్సిన పెట్టెల బరువు కూడే ఫంక్షన్ అందులో ఒకటి. కూడిన ప్రతి పెట్టెనూ లిస్టులోంచి తీసేస్తూ పోయేది. పాతదాంట్లో ఖాళీ అయ్యేది నకలే కనుక ఎవరికీ నష్టం లేదు. నేను మక్కీకి మక్కీ దించేసరికి అసలు లిస్టే ఖాళీ అయింది. గోదాములో సరుకు సర్దే మల్లేశ్ చూసే తెర మీద, చల్లగదికి పెట్టెలేమీ లేవని వచ్చింది. మందుల పెట్టెలు మధ్యాహ్నమంతా బయట ఎండలో ఉండి పాడైపోయాయి.

మల్లేశ్‌ది రావిర్యాల, కాంట్రాక్టు పని. మేనేజరు పద్మక్కనూ నన్నూ గదిలోకి పిలిచేటప్పటికే రిపోర్టు టైపు చేయించి పెట్టాడు. గోదాము కార్మికుడి అజాగ్రత్త అని ఉంది అందులో.

"తెర మీద ఏం లేదని చూపెట్టింది మన ప్రోగ్రామ్. ఆయన్ని ఎట్ల అంటరు సార్?" అంది పద్మక్క.

"కాంట్రాక్టు మనిషే కదండీ, ఇంకోచోట చూసుకుంటాడు. మనమే తప్పు ఒప్పుకుంటే గోదాముల కాంట్రాక్టు మన చేజారుతుంది."

"అయితే నా పేరు రాయుండ్రి. టీమ్ నాది."

సంతకానికి అతనిచ్చిన కలం తీసుకోలేదామె. అతను ఆ కాగితాన్ని నా వైపు జరిపాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోరు మూసుకుని సంతకం పెట్టాను. ఆ వారంలోనే మల్లేశ్‌ను తీసేశారు. టీముతో సర్దుకుపోవడం లేదని వంక పెట్టి మరుసటి నెల పద్మక్కనూ పంపించారు.

ఆమె చివరి రోజున మెట్ల దగ్గర ఆపి, "నన్ను క్షమించండి అక్కా," అన్నాను. అంతవరకూ మేడమ్ అనేదాన్ని.

"పైథాన్ తెల్వకపోతే తప్పేం లేదు, నేర్చుకుంటవ్. సంతకం ఎందుకు వెట్టినవ్?" ఆమె గొంతు పెంచలేదు. "మాఫీ నన్ను అడుగుడేంది? రావిర్యాలకు పో. మల్లేశన్నను అడుగు."

ఇప్పుడు నా కింద ఎనిమిదిమంది ఉన్నారు. కొత్తగా చేరినవాళ్ళను ఆమె ప్రశ్నే అడుగుతాను, నవ్వుతారు. ఎక్కడ తప్పు జరిగినా ఎవరూ అడగకముందే నా పేరుతో రిపోర్టు రాసి పంపుతాను. నిజాయితీపరురాలినని ఆఫీసులో పేరు కూడా వచ్చింది. ఆ మాట వింటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ మేనేజరును తలుచుకుని ఇన్నేళ్ళూ పళ్ళు నూరుతూనే ఉన్నాను. వాడిని తిడితే నాకు పోయేదేమీ లేదు మరి. శంషాబాద్ నుంచి రావిర్యాలకు బండి మీద అరగంట. ఇంతవరకు పోలేదు.