దిక్కులు మారని ఆట

మా కాక చనిపోయిన వార్త కామారెడ్డిలో, నేను బడికి బయలుదేరుతుండగా తెలిసింది. ఇంటి పక్క ఎస్టీడీ బూతు అతను గేటు దగ్గరే నిలబడి, "టీచరమ్మా, ఎల్లారెడ్డికెల్లి ఫోనొచ్చింది. మీ కాక పొద్దుగాల పోయిండంట" అన్నాడు. తప్పు తనదే అయినట్టు తల దించుకున్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాక గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఏడుపు అప్పుడొచ్చింది.

కాక అంటే మా నాన్నకు తమ్ముడు. ఎల్లారెడ్డిలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ ఒకటే గోడ. నేను ఇంటర్ చదివే రోజుల్లో, హోటల్లో వంటపని అని చెప్పి ఆయన గల్ఫ్‌కు పోయాడు. అప్పట్లో అక్కడికి పోయినవాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవారు. అందులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చేవారు. ఇంట్లోవాళ్ళు విని, జవాబు దాని మీదే రికార్డు చేసి మళ్ళీ పంపేవారు. అంటే మేం మాట్లాడిన ప్రతిసారీ ఆయన మాటలు చెరిగిపోయేవి. ఒక్కటైనా దాచుకుందామని ఎవరికీ బుద్ధి పుట్టలేదు. మనిషి ఉన్నాడు కదా, గొంతు ఎక్కడికి పోతుంది అనుకున్నాం.

టేపురికార్డరు నొక్కే పని నాది. కాక క్షేమం అడిగి జవాబు కోసం ఆగేవాడు. "మంచిగున్నవా?" అని, కాసేపు నిశ్శబ్దం. ఆ సందులో మా చిన్నమ్మ, అంటే కాక భార్య, టేపురికార్డరు వైపు వంగి, "ఆఁ, మంచిగున్న. నువ్వు తిన్నవా?" అనేది. ఆమె మాట అయ్యేలోపే ఆయన "అట్లనా, సరే" అనేవాడు. నేను పకపకా నవ్వేదాన్ని. చిన్నమ్మ నాకో మొట్టికాయ వేసేది.

క్యాసెట్ రెండోవైపు నాకోసం. చలికాలం వచ్చిందంటే అటువైపంతా ఫుట్‌బాలే. యూరప్ ఖండంలో గెలిచిన క్లబ్బూ, దక్షిణ అమెరికాలో గెలిచిన క్లబ్బూ ఏడాదికోసారి జపాన్ వచ్చి, టోక్యోలో ఒక్కటంటే ఒక్క ఆట ఆడతాయట. గెలిచినవాళ్ళు ప్రపంచంలోకెల్లా మొనగాళ్ళట. ఎల్లారెడ్డిలో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయివుంటాను. కాలేజీలో చెబితే, "టోక్యోల ఎవలు గెలుస్తే నీకేందే?" అన్నారు.

ఆ క్లబ్బుల పేర్లకు కాక నోరు తిరిగేది కాదు. అందుకని ఆయనకు వాళ్ళు ఎడమదిక్కోళ్ళు, కుడిదిక్కోళ్ళు. "బిడ్డా, మా రూముల టీవీ ముంగట కూసున్నం. నలుగురు దోస్తులున్నరు. గా సప్పుడు ఇనవడ్తుందా? జనం! ఎడమదిక్కోళ్ళు ఇడిసిపెడ్తలేరు..." నిజంగానే వెనక హోరు వినిపించేది. అరగంట చెప్పేవాడు. గోలు పడితే గొంతు బొంగురుపోయేది. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఒకళ్ళ బాస ఒకళ్ళకు రాదు బిడ్డా. అయినా గంత దూరంకెల్లి వచ్చి కల్సి ఆడుకుంటరు. మస్తుగుంటది." చిన్నమ్మకు ఒళ్ళు మండేది. "ఎప్పుడొస్తడో చెప్పడు గని, గా బంతి ముచ్చట చెప్తడు" అంటూ వంటింట్లోకి పోయేది.

ఆరేళ్ళకు తిరిగొచ్చాడు, చిక్కి, నల్లబడి. ఇంటికి ఎవరొచ్చినా లేవనిచ్చేవాడు కాదు. పాలు పోసే ఆమెను, కరెంటు బిల్లు తెచ్చే అతన్ని కూడా కూర్చోబెట్టి, "గింతల్నే పోతవా? ఇంకింతసేపు కూసో" అనేవాడు. పక్కనున్న గాంధారి ఊరి బస్సెక్కే వాళ్ళను ముఖపరిచయం లేకపోయినా బస్టాండు దాకా పోయి సాగనంపేవాడు. మేం దాన్ని చాదస్తం అనుకున్నాం. చాటున నవ్వుకున్నాం కూడా.

తర్వాత నాకు కామారెడ్డిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అద్దె ఇంటికి కేబుల్ పెట్టించుకున్నాను. ఆ చలికాలం టోక్యో ఆట టీవీలో వస్తుందని తెలిసి కాకకు కబురు పెట్టాను. ముందురోజే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. పొద్దున టీ గ్లాసులు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఎన్నేళ్ళో చెవులతో విన్న ఆటను ఆయన పక్కన కూర్చుని చూస్తున్నానని నాకు ఒకటే సంబరం.

సగం ఆట అయింది. విరామం తర్వాత ఆటగాళ్ళు మళ్ళీ మైదానంలోకి వచ్చారు. కాక ముందుకు వంగాడు.

"అరె, వీళ్ళేంది బిడ్డా, దిక్కులు మార్చిన్రు? తప్పువడ్డరా?"

"సగం అయినంక మారుస్తరు గద కాకా. మా బడిల వాలీబాల్ల గూడ మారుస్తరు" అన్నాను.

అనేశాక గాని నాకు తట్టలేదు. ఆరేళ్ళ క్యాసెట్లలో ఎడమదిక్కోళ్ళు ఆఖరుదాకా ఎడమదిక్కునే ఉన్నారు.

కాక టీ గ్లాసు కింద పెట్టాడు. "నేను సూడలే బిడ్డా. ఒక్కటన్న సూడలే" అన్నాడు. హోటల్ అని తీసుకుపోయి ఎడారిలో గొర్రెల దగ్గర వదిలేశారట. పాస్‌పోర్టు యజమాని దగ్గర. రూము లేదు, టీవీ లేదు, దోస్తులు లేరు. వారానికోసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేదట. "డ్రైవర్ది కేరళ. ఫుట్‌బాల్ పిచ్చోడు. వచ్చిరాని హిందీల చెప్పేటోడు. నీళ్ళు దిగినంతసేపే నాకు మనిషి. టేపు గూడ ఆయనదే, నా తాన ఇడిసి పోయేటోడు. క్యాసెట్లు గూడ ఆయనే పంపేటోడు. ఆయన చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకొని వారమంత గొర్లకు చెప్పుకునేటోన్ని. అటెన్క నీకు చెప్పిన."

"మరి జనం సప్పుడు?"

"గాలి."

నా వైపు తిరిగి, "మీ చిన్నమ్మకు చెప్పకు. ఒక్కన్నే ఉన్నంటే తట్టుకోదు" అన్నాడు.

మాటిచ్చాను. ఆ ఆట ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. ఆ తర్వాత ఆయన నోట ఫుట్‌బాల్ ఊసు రాలేదు. అయితే నా దగ్గర ఏమీ మాట్లాడకుండా కూర్చోగలిగేవాడు. నన్ను అంతగా నమ్మినందుకు ఆయనకు నేను ఋణపడి ఉన్నాను. నా బాధల్లా ఒక్కటే. జవాబు రికార్డు చేసిన ప్రతిసారీ గోలు ఎవరేశారు, వచ్చే ఏడు ఎవరొస్తారు అని అడిగాను. నీకెట్లుంది కాకా అని ఒక్కసారీ అడగలేదు.

పన్నెండో రోజు అయిపోయి, చుట్టాలంతా వెళ్ళిపోయాక, సాయంత్రం నేనూ చిన్నమ్మా అరుగు మీద కూర్చున్నాం.

"ఆడ ఆయనకు నలుగురు దోస్తులుండిరి గద. వాళ్ళకు ఎరుక చెయ్యాల్నేమో" అంది, నా ముఖంలోకి చూస్తూ.

"వాళ్ళ అడ్రసు దొరకదేమో చిన్నమ్మా" అన్నాను.

"నువ్వు గూడ గట్లనే చెప్పు." ఆమె గొంతులో కోపం లేదు. "ఆరేండ్లు వంట చేసిన మనిషి, వచ్చిన వారానికి పప్పుల ఉప్పెంత వెయ్యాలె అని నన్నడిగిండు. పగటిపూట కునుకువడ్డా గొర్లను పిలిచేటోడు. నాకెర్కలేదా? నాకు తెలిసిందంటే సిగ్గువడ్తడని నేనే ఊకున్న."

ఇన్నేళ్ళూ మేం ముగ్గురం, పక్కపక్కనే ఉండి, ఒకే సంగతిని ఎవరికి వాళ్ళం ఒంటరిగా మోశామన్నమాట.

"ఎట్ల పిలిచేటోడు చిన్నమ్మా?" అని అడిగాను.

ఆమె కొంగు సర్దుకుంది. నాలుకను అంగిలికి ఆనించి, గొంతులోంచి పొడుగాటి కూత ఒకటి తీసింది. మా వైపు ఎక్కడా వినని కూత. అప్పుడే ఒక గొర్రెల మంద దుమ్ము రేపుకుంటూ ఇంటి ముందు నుంచి పోతోంది. వాటికది అర్థం కాలేదు. ఒక్క గొర్రె కూడా తల తిప్పలేదు.

చిన్నమ్మ మళ్ళీ పిలిచింది.