పలకలు విడదీసిన చెయ్యి

పీయూసీ ప్యాసైన కృపానందం తిరువూరు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పదకొండేళ్లుగా అటెండరు. ల్యాబ్ అసిస్టెంటు పోస్టుకు అతను పెట్టుకున్న అర్జీని తేల్చడానికి డెబ్భైనాలుగులో ఇన్‌స్పెక్టరుగారు వేంచేశారు.

ఆయన ఎదుట కృపానందం కెపాసిటరుకు చార్జి ఎక్కించి, పలకలు రెండూ దూరం జరిపాడు. దానికి తీగతో కలిపిన ఎలక్ట్రోస్కోపు రేకులు మరింత విచ్చుకుని, శక్తి పెరిగిందని చాటాయి.

"ఈ శక్తి ఎక్కడిదండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"చార్జి పెరిగిందండీ," అన్నారు లెక్చరరు జగన్నాథరావు.

కృపానందం ఆగలేకపోయాడు. "మళ్లీ ఎక్కించలేదు గదండీ, ఎట్టా పెరుగుద్ది? ఒకదాన్నొకటి లాక్కునే పలకల్ని నా చెయ్యి విడదీసింది. ఆ పనే శక్తయింది."

ఇన్‌స్పెక్టరుగారు మురిసిపోయి జగన్నాథరావు చెయ్యి పట్టుకుని ఊపారు. "అటెండరుకే ఇంత నేర్పారంటే మీరు సామాన్యులు కాదండీ!"

"ఇతడు లేనిదే ల్యాబు నడవదు, అటెండరుగానే ఉంచవలెను" అని ఇన్‌స్పెక్టరుగారు అర్జీ మీద రాసి, పోస్టులో వేసి రమ్మని కృపానందానికే ఇచ్చారు.