మేడమీద సభ, కింద సభ, మధ్యలో నా ఇఖామా

లెక్కలు బాగా వచ్చన్న నమ్మకంతో ఒకసారి ఇరవై ముగ్గురిని ఉద్యోగాలు ఊడగొట్టి ఇంటికి పంపించబోయాను. ఆ ఇరవై ముగ్గురిలో నేనూ ఉన్నాను. ఎలాగో చెబుతాను, నిమ్మళంగా నవ్వుకోండి.

సౌదీలో నితాఖత్ చట్టం వచ్చిన కొత్త. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోని కంపెనీలకు ఎర్ర రంగు, పెట్టుకున్నవాటికి పచ్చ రంగు వేసేవారు. హఫర్ అల్ బాతిన్‌లో మా కంపెనీ పండుమిరపకాయలా ఎర్రబడింది. ఇక మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. అదృష్టం కొద్దీ పక్కవీధి పచ్చ కంపెనీ మమ్మల్ని తీసుకుంటానంది. గురువారం మధ్యాహ్నం నమాజులోపు ఇఖామాలతో వెళ్లి పేర్లివ్వాలి, లేదంటే ఆ ఖాళీలు వేరేవాళ్లవి. అంతే.

"అంతే" అనిపించే పని నాకు నచ్చదు.

అంతకుముందు ఖఫ్జీ అనే ఊళ్లో స్టోరు చూసుకునే రోజుల్లో అమెరికా చట్టసభల మీద ఓ పాత ఇంగ్లీషు పుస్తకం దొరికితే కూడబలుక్కుని చదివాను. అందులో జాయింట్ రిజల్యూషన్ అని ఒకటుంది. ఒకే తీర్మానాన్ని రెండు సభలూ అక్షరం తేడా లేకుండా ఒప్పుకోవాలి. ఒక సభ ఒక్క మాట మార్చినా అది రెండో సభకు మళ్లీ పోవాలి. ఆపైన అధ్యక్షుడి సంతకం. అప్పుడది చట్టమంత గట్టిది.

మా బిల్డింగులో మేడమీద జగిత్యాల వైపు వాళ్లం పన్నెండుగురం, కింద గోదావరివాళ్లు పదకొండుగురు. రెండు వంటలు, రెండు సభలు. అధ్యక్షుడి స్థానంలో మా కఫీల్, మమ్మల్ని తెచ్చిన యజమాని. దేవుడే అమర్చిపెట్టాడనుకున్నాను.

గురువారం పొద్దున్నే తీర్మానం రాశాను: "మేమందరము కొత్త కంపెనీకి మారుటకు కఫీల్ గారు సంతకము చేయవలెను."

"మూడింట రెండొంతుల మంది చేతులెత్తాలె," అన్నాను.

"పేర్లిస్తే ఒడిశిపోయేదానికి గిదంత ఎందుకే మామా?" అన్నాడు మా గంగారాం.

"రేపు కఫీల్ కాదంటే? కాయితం గట్టిగుండాలె."

మేడమీద ఎనిమిది చేతులు చాలు, పన్నెండూ లేచాయి. చిక్కంతా కింద. పదకొండులో రెండొంతులంటే ఏడుగురూ, ఒక మనిషిలో మూడోవంతూ. ఆ మూడోవంతు మనిషి ఎవరో తేల్చడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. తేల్చాక ఊరుకున్నారా? "కొత్త క్యాంపులో చేపల కూరకు విడిగా పొయ్యి" అని ఒక మాట కలిపి పైకి పంపారు. "అట్లయితే మటన్‌కు సుత ఒకటి," అన్నారు మావాళ్లు. కాగితం మళ్లీ కిందికి. మెట్లమీద నేను బావిలో బొక్కెనలా ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

కింది సభకు పెద్ద ప్రకాశం. మెట్లదగ్గర నన్నాపాడు. "లింగయ్యగారూ, మీ పైవాళ్ల ఇఖామాలేవో ఇలా ఇప్పించేయండి, నేనెళ్లొస్తాను."

"సభ నడుస్తున్నది ప్రకాశం. తీర్మానం కాకముందే ఎట్లిస్తం?"

"సరేనండి, మీ సభ కానివ్వండి. నేనలా టీ తాగొస్తాను."

సభ మధ్యలో టీ తాగే మనిషి ఏం బాధ్యతగల మనిషి, అనుకున్నాను.

పొయ్యిల సంగతి తేలకముందే నమాజు పిలుపు వినిపించింది. మేకుకు తగిలించిన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ.

"గంగారాం, నా ఇఖామా లేదురా."

వాడు గోడవైపు చూశాడు. "ప్రకాశమన్నకిచ్చిన మామా. అందరియి ఇచ్చినం."

"మరి చేతులెత్తితిరి?"

"ఒక చెయ్యి నీకెత్తినం, ఇంకో చేత్తోని ఆయనకిచ్చినం."

అంతలో ప్రకాశం వచ్చాడు. "ఇరవై ముగ్గురి పేర్లూ ఎక్కేశాయండి."

"కఫీల్ సంతకం?"

"ఎర్ర కంపెనీవాళ్లు మారడానికి కఫీల్ ఒప్పుకోనక్కర్లేదంటండి. అక్కడ అడిగితే చెప్పారు. మీకేం పనొచ్చని అడిగితే, ఆయన దేన్నైనా లెక్కపెడతారండీ అన్నాను. మిమ్మల్ని స్టోరులో వేశారు."

ఆ సాయంత్రం పెట్టెలోంచి పుస్తకం తీసి చదవకుండా వదిలేసిన పేజీ చూశాను. సభలో మూడింట రెండొంతులు కావలసింది రాజ్యాంగాన్ని సవరించే తీర్మానానికి. దానికి అధ్యక్షుడి సంతకంతో పనేలేదు. సంతకం కావలసిన మామూలు తీర్మానానికి సగంకన్నా ఒకరు ఎక్కువుంటే చాలు. నేను దీని రెండొంతులూ దాని సంతకమూ ఒకే గిన్నెలో వేసి వండాను.

ఆ స్టోరు తాళం తీసిన ప్రతి పొద్దునా ప్రకాశాన్ని తలుచుకున్నాను. కొత్త క్యాంపులో ఇచ్చింది ఒకటే పొయ్యి. ఇరవై ముగ్గురం ఒకే వంట తిన్నాం, ఏ సభా సవరణ పెట్టలేదు.

కనుక ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంతకాలం మెట్లున్న ఏ ఇంట్లోనూ తీర్మానం ప్రవేశపెట్టను. ప్రకాశం టీకి లేస్తే మాత్రం, ఏ సభలో ఉన్నా సరే, ముందు ఇఖామా అతని చేతిలో పెడతాను.