ముప్పై ఒక్క డిగ్రీల మావయ్య

ఇప్పుడు పెళ్ళిపిలుపంటే ఫోనులో ఒక బొమ్మ. వేలితో ఒకసారి నొక్కితే చుట్టాలందరికీ చేరిపోతుంది. పేరు తప్పు పడితే దిద్ది మళ్ళీ పంపించుకోవచ్చు, ఎవరికీ కోపం రాదు (వచ్చినా ఒక దండం బొమ్మ పెడితే తీరిపోతుంది). నేను చోడవరంలో స్క్రీన్ ప్రింటింగ్ పనిలో చేరిన కొత్తలో అలా కాదు. ఆ రోజుల్లో శుభలేఖ అంటే చుట్టరికాల దస్తావేజు. ఎవరి పేరు ఎవరి పేరుకి పైన పడింది, ఎవరి పేరు పక్కన ‘దంపతులు’ అని పడలేదు అన్న సంగతుల మీద అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా ఉండేవారు. అచ్చు వేసేది మేమే కాబట్టి ఆ తగువులన్నీ చివరికి మా కొట్టు గుమ్మంలోకే వచ్చేవి. ఎవరు ఏం రాసిచ్చినా తిట్లు మాత్రం మాకే. ఆ అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయితే ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తప్పు నాదా, ఇంకుదా, ఎండదా అన్నది మీరే తేల్చాలి. నా తీర్పు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. ఎండది.

మా ఓనరుని ఊరంతా గోల్డు బాబాయి అనేవారు. ఆయన దృష్టిలో లోకంలో ఉన్న ఇంకులు రెండే రకాలు: గోల్డు, గోల్డు కానివి. పెళ్ళికార్డుకీ గోల్డే, చెరుకు లారీల సంఘం క్యాలెండరుకీ గోల్డే, ఆఖరికి మందుల కొట్టువాడి కవర్లకీ గోల్డే. “గోల్డేసీ అమ్మా, గోలుండదు” అనేవాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, డిగ్రీ పాసైన పొగరు ఒకటి. పైగా ఒక ఇంకుల డీలరు విశాఖపట్నంలో పెట్టిన సగంరోజు క్లాసుకి వెళ్ళొచ్చిన దాన్ని. అక్కడ నేను చూసిన వింతలు అన్నీ ఇన్నీ కావు. బనీను మీద వేసి వేడి చూపిస్తే పూరీలా పొంగే ఇంకు, లైటు తీసేస్తే వెలిగే ఇంకు, గోకితే మల్లెపూల వాసన కొట్టే ఇంకు. అన్నిటికన్నా నా మతి పోగొట్టింది నీలం రంగు ఇంకు ఒకటి. కార్డు మీద నెమలి బొమ్మ ఉంది. బొటనవేలితో రుద్దితే నెమలి మాయమైంది. చెయ్యి తీసి పది లెక్కపెట్టేలోపు తోకతో సహా తిరిగొచ్చింది. చల్లటి ఏసీ హాల్లో కూర్చుని నేను ఆ నెమలిని ఎన్నిసార్లు చంపి బతికించానో చెప్పలేను. వెంటనే ఒక చిన్న డబ్బా కొనేశాను. వాళ్ళు పెద్ద క్యానులోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి వొంపి, మూత మీద పెన్నుతో ‘బ్లూ’ అని రాసిచ్చారు. అంతే రాశారు. ఆ ఒక్క ముక్క రాయడానికి చేతులొచ్చినవాళ్ళకి రెండో ముక్క రాయడానికి ఏం రోగమొచ్చిందో!

సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్ళి కుదిరింది. మా నాన్న తొందర మనిషి. వైశాఖంలో పెళ్ళికి మాఘంలోనే కార్డులు వేయించాలన్నాడు, వేసవిలో మా కొట్టులో వరస దొరకదని (కూతురు ఆ కొట్టులోనే పనిచేస్తోందన్న ధీమా ఆయనకి ఏ కోశానా లేదు). అమ్మది ఒకటే షరతు. “మా అన్నయ్య పేరు అందరిదాంట్లో కలిపేకండి. సూడగానే అదొక్కటీ కనపడాల” అంది. దానికి కారణముంది. అక్క ఓణీల ఫంక్షను కార్డులో మావయ్య పేరు ఆఖరి వరసలో, మడత పడేచోట పడింది. ఆయన వచ్చాడు, అక్షింతలు వేశాడు, పులిహోర ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఇప్పుడలా జరగడానికి వీల్లేదు. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావలసింది మేనమామే. మాకు అన్నదమ్ముల్లేరు, ఉన్నది ఒక్కగానొక్క మావయ్య. మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో ఆయన ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా బుట్టని ఒక్కడే ఎత్తుకొచ్చాడని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“గోల్డేసీ అమ్మా” అన్నాడు గోల్డు బాబాయి యథాప్రకారం. నేను ఒప్పుకోలేదు. ఊళ్ళో అందరి మేనమామలూ గోల్డే, మా మావయ్యకి ప్రత్యేకత ఏముంది? కార్డులో మిగతాదంతా కుంకుమ రంగు, పైన వినాయకుడు, అడుగున కొట్టు పేరు గోల్డు (ఆ రెండూ బాబాయి వదల్లేదు), ‘మేనమామ’ అన్న మాట కూడా కుంకుమ రంగే, దాని పక్కన మావయ్య పేరు మాత్రం నా నీలం ఇంకు. మూడు రంగులంటే మూడు ఫ్రేములు. ఆ ఇంకు సన్నటి మెష్‌లోంచి దిగి చావదు. ఫ్రేముకి వెడల్పు కన్నాల జాలీగుడ్డ వేరే కట్టించాను. చిక్కగా ఉందని బాబాయి కిరసనాయిలు సీసా పట్టుకొస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. రబ్బరు పలక పట్టుకుని ఒక్క మావయ్య పేరు కోసం ఫ్రేము మీద నాలుగొందల సార్లు ఇంకు లాగాను. రెండు రోజులు భుజం పైకి లేవలేదు. మాఘమాసపు చలిపొద్దులో ఆ పేరు ఎంత నిండుగా వచ్చిందని! అమ్మ చూసి కళ్ళొత్తుకుంది. అక్క వేలితో రుద్దింది, పోయింది, వచ్చింది. “అబ్బ, మావయ్య దాగుడుమూతలు ఆడతన్నాడే!” అని నవ్వింది. కార్డులు బీరువాలోకి వెళ్ళిపోయాయి.

వైశాఖంలో వాటిని బయటికి తీశాక తెలిసింది అసలు సంగతి. పంచే రోజున తెల్లవారకుండా అందరం కూర్చుని నాలుగు మూలలా పసుపు రాశాం. అప్పటికి పేరు శుభ్రంగా ఉంది. ఈ విషయం నేను ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను. మొదటి కార్డు మేనమామకే ఇవ్వాలని నాన్న దేవరాపల్లి వైపు బయలుదేరాడు. కార్డుల సంచి బండి ట్యాంకు మీద, ట్యాంకు మీద ఎండ. అమ్మ ఇక్కడ వీధంతా పంచింది. మధ్యాహ్నానికి నాన్న తిరిగొచ్చాడు. చేతిలో మావయ్యకి ఇచ్చిన కార్డే ఉంది.

“ఏటైనాది?” అంది అమ్మ.

“మీ అన్నయ్య నీకు సెప్పమన్నాడు” అన్నాడు నాన్న, “ఆయనింకా బతికే ఉన్నాడంట.”

కార్డు లాక్కుని చూశాను. ‘మేనమామ’ అని ఉంది. దాని పక్కన తెల్లటి చోటు. పేరు అసలే వెయ్యకపోతే మర్చిపోయారు అనుకోవచ్చు. ఇలా పిలిచి పీట వేసి, పీట మీద మనిషిని తీసేస్తే ఏమనుకోవాలి? సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. చీడికాడలో ఉన్న అత్త ఒకావిడ ఏకంగా ఏడుపు గొంతుతో “మావకి ఏటైనాదమ్మా? మాకు కబురైనా పెట్టలేదేటి?” అంది. నేను మండిపడి డీలరుకి ఫోను చేశాను. వాడు ఎంత నింపాదిగా చెప్పాడంటే, “ముప్పై ఒక్క డిగ్రీలు దాటితే కనపడదండి, అది దాని గుణం. ఏసీలో పెట్టి చూడండి, వచ్చేస్తుంది” అన్నాడు. చోడవరంలో, వైశాఖంలో, ముప్పై ఒక్క డిగ్రీలు! మా ఊళ్ళో మంచినీళ్ళ బిందె కూడా అంత చల్లగా ఉండదు ఆ రోజుల్లో. “అప్పుడే చెప్పొచ్చు కదండీ?” అంటే, “మీరు అడగలేదు కదా మేడం” అన్నాడు. అడగాలిట! ఉప్పు కొంటే ఇది ఎండలో ఉప్పగా ఉంటుందా అని కూడా అడగాలి కాబోలు.

ఇంట్లో మాత్రం డీలరుని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అందరికీ దొరికింది నేనే. అమ్మ అన్నం మానేసి కూర్చుంది. “మా అన్నయ్య రాకపోతే నాను పీటల మీద కూకోను” అంది. బుట్ట మొయ్యడానికి వరసకి మేనమామ అయ్యే ఇంకొకాయన్ని పిలుద్దామని నాన్న అంటే, అక్క అంతవరకూ నవ్విన మనిషి భోరుమంది. గోల్డు బాబాయి మిగిలిన కార్డుల మీద తెల్లచోటులో మావయ్య పేరు గోల్డుతో వేసిపెట్టాడు. “నాను ముందే సెప్పేను కాదేటమ్మా” అని ప్రతి కార్డుకీ ఒకసారి అన్నాడు. పంచేసిన కార్డుల సంగతేమిటి? అసలు ఇందులో నేను చేసిన నేరమేమిటి? ఇంకు దాని పని అది తు.చ. తప్పకుండా చేసింది. ఈ మాట మావయ్యకి ఎదురుగా రుజువు చేసి చూపిస్తే చాలు, ఆయనే అర్థం చేసుకుంటాడనుకున్నాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆటో ఎక్కి వెళ్ళాను.

మావయ్య వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మేనకోడలు ఎండనపడి వస్తే లేచి కూర్చోనైనా కూర్చోలేదు, తల మాత్రం తిప్పాడు (అంత బింకం!). నేను అత్తయ్యని అడిగి ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తెప్పించి, కార్డుని దానికి ఆనించాను. తెల్లటి చోటులోంచి మావయ్య పేరు ఒక్కొక్క అక్షరమే నీలంగా తేలింది. అత్తయ్య “ఓలమ్మో!” అని బుగ్గలు నొక్కుకుంది. మావయ్య కార్డు అందుకున్నాడు. ఆయన చేతివేడికి, వసారా వేడికి, ఆయన కళ్ళముందే ఆయన పేరు మళ్ళీ చెరిగిపోయింది.

“అంటే ఏటే గుంటా,” అన్నాడు, “సల్లగుంటే మావయ్య ఉన్నట్టు, ఎండొస్తే లేనట్టూనా?”

“అది కాదు మావయ్యా, ముప్పై ఒక్క డిగ్రీలు దాటితే రంగు పోద్ది. అది ఇంకు గుణం. తప్పు నాది కాదు, ఎండది.”

“అయితే ఆ ఎండనే పిలుసుకోండి పెళ్ళికి.”

“నీకోసమని ప్రత్యేకంగా తెచ్చేను మావయ్యా. నాలుగొందలసార్లు లాగేను. భుజం పోయింది నాకు!”

“కింద మీ ఓనరు కొట్టు పేరు సూడు, ధగధగ మెరిసిపోతంది. ఆడిసేతే మోయించుకోండి బుట్ట” అని గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంత శాస్త్రం కళ్ళకి కట్టి చూపించినా ఒప్పుకోని మనిషితో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు? అత్తయ్య పెట్టిన మజ్జిగ తాగకుండా వచ్చేశాను (పులిహోర మానేసిన వంశమే కదా నాది కూడా).

పెళ్ళినాడు పొద్దున్న పది దాటినా మావయ్య జాడ లేదు. అమ్మ వీధి గుమ్మం వదల్లేదు. లోపల అక్క కొబ్బరిబొండం పట్టుకుని ఖాళీ బుట్ట వైపే చూస్తోంది. పంతులుగారు ‘పెళ్ళికూతుర్ని తీసుకురండి’ అని ఒకసారి పిలిచి, రెండోసారి గొంతు సవరించుకుంటూండగా ఆటో ఆగింది. గంజిపెట్టిన పంచె, భుజాన కండువాతో మావయ్య దిగాడు. అమ్మతో మాట్లాడలేదు, నావైపు చూడనైనా లేదు. నిటారుగా, ఒక్కో అడుగే వేసుకుంటూ గదిలోకొచ్చి బుట్ట పక్కన నిలబడ్డాడు. అక్క అందులో కూర్చుంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు సాయానికి ముందుకొస్తే చెయ్యి అడ్డంపెట్టాడు.

“ఎవులూ ముట్టుకోకండి. ఒసే, నువ్వు రాయే ఇలాగ!”

నేనా? పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని ఉన్నాను. “ఆడగుంట మొయ్యడమేటి మావా, తప్పు కాదేటి?” అన్నారెవరో.

“తప్పే. ఇది సేసిన తప్పుకి ఇదే శిచ్చ” అన్నాడు మావయ్య, అందరికీ వినబడేలా. “నా పేరు సెరిపీసింది. పేరు సెరిపినోల్లే మొయ్యాల. పట్టవే ఆ పక్క!”

గదంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పెళ్ళి ఆగిపోతుందని పళ్ళు బిగించి పట్టాను. గుమ్మం నుంచి పందిరి దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టలేదు గానీ, బరువంతా నావైపే. రెండో పక్క మావయ్య చెయ్యి బుట్ట మీద ఉందన్నమాటే గాని, బరువు మొయ్యట్లేదని నాకు స్పష్టంగా తెలుస్తోంది. “ఒసే, వంచీకే, పడిపోతాను!” అని లోపల్నుంచి అక్క. చెమటకి కాటుక కారి, కుచ్చిళ్ళు కాళ్ళకి తగులుకుని, లోపల మావయ్యని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఎలాగో పీటల దగ్గర దింపాను. జనం మావయ్య పంతాన్ని మెచ్చుకుని ఈలలు వేశారు. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, ఆ పూట రెండుసార్లు పులిహోర పెట్టించుకున్నాడు.

నాకు ఏడాది పాటు ఆ కోపం పోలేదు. కనబడినవాళ్ళందరికీ చెప్పాను, శిక్ష వేస్తే వేశాడు, సగం బరువైనా మొయ్యొద్దా అని. ఒకసారి అత్తయ్యతో కూడా అనేశాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ, తలెత్తకుండానే, “ఆయన మొయ్యగలిగితే కదే అమ్మా” అంది. ఆ ఏడు చెరుకు లోడెత్తుతూ లారీ మీంచి పడ్డాడట. నడుముకి బెల్టు. డాక్టరు నీళ్ళ బకెట్టు కూడా ఎత్తొద్దన్నాడట. పెళ్ళికి ఏ మొహంతో రావాలా అని ఆయన పగలూ రాత్రీ మథనపడుతున్న రోజుల్లోనే మా నాన్న ఆ పేరు లేని కార్డు పట్టుకెళ్ళాడట. “నీకు తప్ప ఇంకెవులికీ సెప్పలేదు, నోరు జారీకు” అంది.

జారలేదు. మావయ్య ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా నన్ను పక్కవాళ్ళకి చూపించి, “నా పేరు సెరిపీసి, బుట్ట మోసిన గుంట ఇదే” అంటాడు. ఇరవై రెండేళ్ళ నేనైతే అక్కడే నిలబెట్టి ముప్పై ఒక్క డిగ్రీల సంగతి మొదటినుంచీ చెప్పి, డీలరుని నాలుగు తిట్టి, తప్పెవరిదో తేల్చిగాని వదిలేదాన్ని కాదు. పాపం, ఆ పిల్లకి ఎంత ఇంకు తెలుసో! ఇప్పుడు నేను తలొంచుకుని, “అవునండీ, నేనే చెరిపాను” అంటాను.