సున్నపు గుర్తు

మా జగిత్యాల వీధిలో ఎవరింట బోరు వేసినా నేను కిటికీలు బిగించేస్తాను. అయినా ఆ వేడి రాతిపొడి వాసన ఏ సందులోంచో దూరి వస్తుంది, దానితోపాటే నా బడి రోజులూ వస్తాయి.

మా బాపు సైన్సు సారు. ఆయనా, కోరుట్లలో ఫొటో స్టూడియో నడిపే ఆయన దోస్తూ, ఇంకొందరు రాళ్ల పిచ్చివాళ్లూ కలిసి ‘రాళ్ల సంఘం’ పెట్టుకున్నారు. ఆదివారమైతే చాలు, సుత్తులు, భూతద్దం, డబ్బా నిండా సర్వపిండి, చిన్న బుడ్డిలో తడి సున్నం పట్టుకుని, నన్నూ వెంటేసుకుని బస్సెక్కేవారు. మాడు పగిలే ఎండలో కొండగట్టు చుట్టుపక్కల గుట్టలూ చందుర్తి బండలూ ఎక్కి దిగుతూ, రాయి పగలగొట్టి నాలుకకు ఆనించి చూస్తూ, చంటిపిల్లల్లా పోట్లాడుకునేవారు. మంచి రాయి కనబడితే బాపు దానిమీద సున్నంతో గుండ్రం గీసి నడుమ చుక్క పెట్టేవాడు. మళ్లీ వచ్చినప్పుడు వెతుక్కోకుండా దొరకాలని, అంతే.

ఆ ఏళ్లలో వానలు మొహం చాటేశాయి. చెరువులు నెర్రెలిచ్చాయి, సిరిసిల్లలో మగ్గాల చప్పుడు తగ్గింది, మగవాళ్లు దుబాయి, మస్కట్ బాట పట్టారు. చందుర్తి దగ్గరి రైతు రాజయ్య మాత్రం భూమి విడిచి పోనని మొండికేశాడు. ఎప్పుడు పోయినా ఆయన భార్య లచ్చవ్వ మాకు ముంతెడు చల్ల పోసేది. ఒకసారి వాళ్లు ఊళ్లో లేనప్పుడు, వానకే పండే వాళ్ల చెలక గట్టున బూడిదరంగు బండను చీల్చుకుపోయిన నల్లరాతి పట్టీ చూసి బాపు ఎగిరి గంతేశాడు, గుండ్రం గీశాడు.

నెల తిరిగాక పోతే, దూరం నుంచే తెల్లటి దుమ్ము! చెలకలో బోరు లారీ. లచ్చవ్వ ఎదురురికి వచ్చి బాపు చేతులు పట్టుకుంది.

“సారు అచ్చిండు! నువ్వచ్చి పోయినవని మేకల పోరడు చెప్పిండు. ఎడ్లనమ్మినం సారూ. నువ్వు గుర్తు వెట్టిన కాడనే బోరు ఏపిస్తున్నం!”

నాకప్పుడు వెలిగింది. ఆ పల్లెల్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషి, కాయ నిలబడిన చోట అచ్చం అలాగే సున్నపు గుండ్రం గీస్తాడు. మా సంఘంలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు, ఒక్కరికీ!

“ఆపుండ్రి! గది నీళ్ల గుర్తు గాదు, రాయి గుర్తు!” బాపు గొంతు చించుకున్నాడు. లారీ మోతలో ఎవరికి వినబడుతుంది? అది ఆగేసరికి గుండ్రం నడిమధ్య బొంద పడింది, పైకి చెమ్మ లేని పొడి తప్ప ఏమీ రాలేదు.

రాజయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తలగుడ్డతో మొహం తుడుచుకుని మెల్లగా అన్నాడు: “అయితే సారూ, నీళ్లున్న కాడ గుర్తు వెట్టు.”

బాపు నా చెయ్యి పట్టుకుని వెనుదిరిగాడు. బస్సులో నన్ను దగ్గరికి లాక్కుని దారి పొడుగునా వదల్లేదు.

రాజయ్య మస్కట్ పోయాడు, ఆ చెలకలో మళ్లీ కాలు పెట్టలేదు. సంఘం చెదిరిపోయింది. మేమెక్కిన గుట్టల్ని కోసి పలకలు చేసి అమ్ముకున్నారు. మొన్న ఎండాకాలం అటు పోతే చెలకంతా తుమ్మలు, నడుమ బోరు బొంద మీద ఒక బండ, దాని చుట్టూ కొత్తగా గీసిన సున్నపు గుండ్రం. నడుము వంగిన లచ్చవ్వ నన్ను ఆనవాలు పట్టింది.

“సారు వెట్టిన గుర్తే బిడ్డా. పోరగాండ్లు, మేకపిల్లలు అండ్ల పడుతరని ఏటేటా నేనే గీస్తున్న.”

ఇవాళ మా వీధిలో మోత ఆగింది. నీళ్లు పడ్డాయని ఎవరో కేకేశారు. నేను కిటికీ తీయలేదు.